లేవని టెంకాయ

టెంకాయ తాత పోయాడన్న కబురు నాకు ఆయన ఇంటి నుంచి రాలేదు. రాప్తాడు దగ్గర బోరు వేయించుకోవడానికి తొందరపడుతున్న ఒక రైతు నుంచి వచ్చింది. పొద్దున్నే ఫోన్ చేసి, "మేడమ్, రేపటి పని నిలబెట్టుకోవల్ల. మీ ముసలాయన పోయినాడంట గదా. ఇంగెవరన్నా టెంకాయ పట్టేటోళ్లు తెలిసింటే పిల్చుకోని రా. లేదంటే దినాలయ్యేదాకా ఆగమన్నా ఆగుతాం" అన్నాడు. దినాలు కాగానే తాత లేచి వచ్చి మళ్లీ పనిలో చేరతాడని ఆయన అనుకున్నట్టుంది. ఆయన కాసేపు హలో హలో అని, సిగ్నల్‌ను తిట్టి పెట్టేశాడు.

కబురు ఇలా తెలియడం తాతకు తగినట్టే ఉంది. బతికున్నన్నాళ్లూ ఆయన నాకు ఏ విషయమూ నేరుగా చెప్పి ఎరగడు. ఎక్కడికి రావాలో, ఎప్పుడు రావాలో, ఎందుకు రాలేకపోయాడో, అన్నీ మూడో మనిషి నోటి నుంచే వినాలి. ఆఖరికి పోవడం కూడా అలాగే పోయాడు. మధ్యాహ్నం సంగటి తిని, అరుగు మీద తుండుగుడ్డ పరుచుకొని పడుకున్నవాడు మళ్లీ లేవలేదట.

ఆయన నాకు చుట్టం కాదు, మా ఊరివాడూ కాదు. ఆయనకు ఎనభై దగ్గర, నాకు ముప్పై కూడా లేవు. ఇద్దరం చేసేది ఒకే పని, చేసే తీరు మాత్రం ఒకరిది ఒకరికి గిట్టదు. మా జిల్లాలో బోరు వేసే ముందు నీళ్లెక్కడున్నాయో చూపించేవాళ్లు రెండు రకాలు. నాలాంటివాళ్లు భూగర్భశాస్త్రం చదువుకొని, నేలలో ఇనుప మేకులు దిగ్గొట్టి, వాటికి తీగలు తగిలించి, లోపలికి కరెంటు పంపి, కింద రాయి ఎలా ఉందో మీటరులో చూస్తారు. తాతలాంటివాళ్లు అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకొని చేనంతా నడుస్తారు. కింద నీళ్లుంటే టెంకాయ తనంతట తానే లేచి నిలబడుతుందట. మనసులో కోరిక ఉంటే మనకు తెలియకుండానే వేళ్లు కదులుతాయని, లేపేది టెంకాయ కాదు చెయ్యేనని నేను చదువుకున్నాను. ఆ సంగతి తాతకు మొదటి రోజే చెప్పాను. "అట్లనా? అయితే నీ వేళ్లతో లేపు సూస్తాం" అని టెంకాయ నా చేతిలో పెట్టాడు. అది దొర్లి నా కాలి బొటనవేలి మీద పడింది. తాత ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు.

ఆ మొదటి రోజు కూడా చెప్పుకోదగ్గదే. ఒక రైతు ఒకరికి తెలియకుండా ఒకరిని, మా ఇద్దరినీ ఒకే పూట పిలిపించాడు. నేను చేనికి తూర్పు వైపు పాయింట్ పెట్టాను. తాత పడమర గట్టు దగ్గర పెట్టాడు. మీరిద్దరూ మాట్లాడుకొని ఒక్క చోటు చెప్పండి, అంతవరకూ కదిలేది లేదన్నాడు రైతు. ఎండ నెత్తికెక్కేదాకా వాదించుకున్నాం. నేను మీటరు చూపించాను, ఆయన టెంకాయ చూపించాడు. చివరికి రైతుకు విసుగెత్తి, ఎవరి మాటా తీసెయ్యకుండా, రెండు పాయింట్లకూ సరిగ్గా మధ్యలో బోరు వేయించాడు. అక్కడ నీళ్లున్నాయని నేనూ అనలేదు, తాతా అనలేదు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. పేరు చెడింది మాత్రం ఇద్దరిదీ.

తర్వాత ఇంకో ఊళ్లో మేమిద్దరం అనుకోకుండా ఒకే చోట నిలబడ్డాం, నీళ్లు పడ్డాయి. దాంతో మొదలైంది నా కష్టం. మిషనూ టెంకాయా రెండూ ఒప్పుకుంటేనే బోరు బండిని పిలవాలని చుట్టుపక్కల రైతులంతా తీర్మానించుకున్నారు. నన్ను పిలిస్తే తాతను తేవాలి, తాతను పిలిస్తే నన్ను తేవాలి. ఆ రోజు ఇద్దరం ఒకే చోట ఎలా నిలబడ్డామని నేను ఆశ్చర్యపోతుంటే తాత అసలు సంగతి చెప్పాడు. "నీ తీగ చాలక నువ్వాడ నిలబడితివి, కాళ్లు నొప్పి పుట్టి నేనాడ నిలబడితిని. నీళ్లు పడినాయి. ఇంగెవరికీ చెప్పాకు."

ఆయనకు బండి లేదు కాబట్టి నా స్కూటర్ మీదే తీసుకుపోవాలి. ఆడపిల్ల వెనక కాళ్లు అటొకటి ఇటొకటి వేసి కూర్చుంటే బాగుండదని, చీర కట్టుకున్నవాళ్లలా ఒకే పక్కకు కూర్చునేవాడు. పంచె ఎగురుతుంటుంది, ఒళ్లో టెంకాయ సంచి, ఒక చెయ్యి నా సీటు కింద. హైవే మీద లారీ దాటినప్పుడల్లా ఎడమకు వాలేవాడు, నేను కుడికి వాలి నిలదొక్కుకోవాలి. ఆయన ఊరు సోమందేపల్లె వచ్చేసరికి నా నడుము పడిపోయేది. సరిగ్గా కూర్చో తాతా అంటే, "నువ్వు సరింగ తోలు, నేను సరింగనే ఉండా" అనేవాడు. ప్రతి టీ హోటల్ దగ్గరా ఆపాలి. టీ తాగడానికి కాదు, టెంకాయను నీడన పెట్టడానికి. ఎండకు నీళ్లు ఇంకిపోతే అది పని చెయ్యదట. నేను ఎండకు ఇంకిపోతున్నా ఆయనకు పట్టేది కాదు.

దారిలో ఆయన మాటలన్నీ ఒకటే రకం. "ఈడ పోయిందొక బోరు. ఆడ చింతచెట్టు కింద పోయిందింకోటి. ఆ ఇంటోళ్లవి ఎన్ని పోయినాయో వాళ్లకే తెల్దు." చూపించింది ఎవరు తాతా అని అడిగితే, "నేనే" అని ఏ మాత్రం జంకు లేకుండా చెప్పేవాడు.

నన్ను ఎక్కువ మండించింది ఇదే. ఆయన టెంకాయ ఎక్కడ చూసినా లేచేది. రాతి గుట్ట మీద లేచేది, చవుటి నేలలో లేచేది. నేను రోజంతా మేకులు కొట్టి, లెక్క కట్టి, "ఉండొచ్చు" అని ఒక్క మాట చెబితే నాకు 'ఉండొచ్చమ్మ' అని పేరు పెట్టాడు. ఊళ్లో అడుగు పెట్టగానే, "ఇదిగో మన ఉండొచ్చమ్మ వచ్చింది, కుర్చీ ఎయ్యండప్పా" అనేవాడు. ఒకసారి ఓపిక పట్టలేక అడిగేశాను, నీ జన్మలో ఒక్కసారైనా లేదని చెప్పావా తాతా అని.

"లేదని చెప్పేదానికి నన్ను పిల్చల్నా పాపా? లేదని వాళ్లకు తెలిసే ఉండాది గదా."



అయినా ఆయనతో ఎందుకు తిరిగానంటే దానికో కారణం ఉంది. నాలాంటివాళ్లం పాయింట్ చూపించి ఇంటికి పోతాం. బోరు వేసే రోజు ఆ పక్కకు పోము. తాత పోయేవాడు. తాను చూపించిన ప్రతి చోటికీ బోరు బండి వచ్చిన రోజు పోయి, అది ఆగేదాకా పక్కనే నిలబడేవాడు. నీళ్లు పడితే జనం ఆయన్ని ఎత్తి ఊరేగించినంత పని చేసేవాళ్లు. దుమ్ము వస్తే ఒకరొకరే జారుకునేవాళ్లు. తాత మాత్రం కదిలేవాడు కాదు, ఒళ్లంతా తెల్లగా దుమ్ము పట్టినా ఇంటివాళ్లు తిట్టేవన్నీ తలవంచుకొని వినేవాడు. ఒక చోట ఒకావిడ మెటికలు విరిచి శాపనార్థాలు పెట్టి, నోరు నొప్పి పుట్టాక లోపలికెళ్లి చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాత తాగి, చెంబు కడిగి, చేతికిచ్చి వచ్చాడు. నన్ను కూడా లాక్కుపోయేవాడు. నేనెందుకు తాతా, మీటరు వాళ్లు రారు అంటే, "చూపిచ్చినోళ్లు నిలబడల్ల" అనేవాడు. అంతకంటే ఎక్కువ చెప్పేవాడు కాదు. ఈ రోజుకీ నేను చూపించిన చోటికి బోరు బండి వస్తే పోయి నిలబడుతున్నాను. నా తలలో దుమ్ము ఎన్ని సార్లు కడిగినా పోవడం లేదు. అందుకు ఆయన్నే తిట్టుకుంటాను. ఆయనకు రుణపడింది కూడా అందుకే.

ఇంకో నియమం ఉండేది ఆయనకు. తన సొంత చేలో ఎప్పుడూ టెంకాయ పట్టలేదు. ఎందుకని అడిగితే, "సొంత చేలో పట్టగూడదు పాపా. ఆడ చెయ్యి మన మాట వింటాది" అన్నాడు. నేను చదువుకున్నది కూడా అదే కదా తాతా అని ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆయన వినిపించుకోలేదు. టీలో చక్కెర తక్కువైందని హోటల్ అబ్బాయిని పిలిచాడు.

ఇక మా నాయన సంగతి చెప్పాలి. మాకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. నేను పుట్టక ముందు నాయన నాటిన చెట్లు. మూడు వానాకాలాలు వరసగా మొహం చాటేశాయి, తోటలో బోర్లన్నీ ఒకటి వెనక ఒకటి ఎండిపోయాయి. నాయన ట్యాంకర్లతో నీళ్లు తోలించి చెట్లను బతికించుకుంటున్నాడు. కాయలు గోలీల్లా ఉండగానే రాలిపోతున్నాయి. ఇంకొక్క బోరు వేస్తానని పట్టు పట్టాడు. దానికోసం రోడ్డు పక్క చేను అమ్ముతానన్నాడు. వేరుశనగ వేసుకోవడానికి మాకు మిగిలిన చేను అదొక్కటే. అమ్మ వంటింట్లోంచే, "ఆ చేను పోతే సంవత్సరానికి చెనిక్కాయ మూట కూడా ఇంటికి రాదు. ఏం తింటాం?" అని అడిగింది. నాయన, "మిషనూ టెంకాయా రెండూ ఒప్పుకుంటేనే అమ్ముతా. లేదంటే లేదు" అని మాటిచ్చాడు. అందరు రైతుల్లాగే ఆయనా.

నేను మా తోటలో మేకులు కొట్టాను. నా చేతులతో నేను చేసిన అన్ని సర్వేల్లోకీ కష్టమైంది అదే. లోతులో ఒక సన్నటి పగులు ఉన్నట్టు, లేనట్టు కనిపించింది. లేదని చెప్పేస్తే గొడవే లేదు. కానీ మీటరు లేదనలేదు. ఉందనీ అనలేదు. నేను ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను. నాయన మొహం వెలిగిపోయింది. "ఉండొచ్చంటే ఉన్నట్టే లెక్క. ఇంగ పెద్దాయనను పిలుస్తా" అన్నాడు.

తాత వస్తే టెంకాయ లేస్తుంది. లేవకపోవడం దానికి తెలియదు. టెంకాయ లేస్తే చేను పోతుంది. సోమందేపల్లెకు పోయి తాతను బతిమాలాను, మా నాయన పిలిస్తే రావద్దు, ఒంట్లో బాగాలేదని చెప్పు అని. చేను సంగతీ, అమ్మ సంగతీ అంతా చెప్పాను.

"పిలిస్తే పోకుండా ఎట్లుంటా పాపా? నేనేమన్నా కలెక్టర్‌నా?" అన్నాడు. ఇంకేం చెప్పినా ఊఁ కొట్టలేదు. నేను కోపంతో స్కూటర్ ఎక్కి వచ్చేశాను. ఇన్నాళ్లు నా వెనక కూర్చొని తిరిగిన మనిషి, ఈ ఒక్క సాయం చెయ్యడా అని దారంతా కళ్లనీళ్లు.

వచ్చాడు. వచ్చింది కూడా నా స్కూటర్ మీదే. నాయన నన్నే పంపాడు తీసుకురమ్మని. దారిలో తాత టీ హోటల్ దగ్గర ఆపమని కూడా అడగలేదు.

తోటలో చెప్పులు విడిచి, టెంకాయ అరచేతిలో పెట్టుకొని తూర్పు మూల నుంచి నడిచాడు. మామూలుగా అయితే ఎవరినో ఒకరిని ఎగతాళి చేస్తూ నడుస్తాడు. ఆ రోజు నోరు విప్పలేదు. ఎండిన చెట్ల మధ్య వరసలన్నీ తిరిగి, పాత బావి పక్కన ఆగాడు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి టెంకాయ అడ్డంగానే ఉంది. తాత గడ్డం మీద నుంచి చెమట కారుతోంది.

"లేస్తాందా పెద్దాయనా?" అన్నాడు నాయన.

"లేదప్పా."

"ఇంగోసారి సూడు."

మళ్లీ తిరిగాడు. మళ్లీ బావి పక్కనే ఆగాడు. అంతకుముందు కంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. "ఈడ లేదు రెడ్డీ. యాడా లేదు" అన్నాడు.

ఆయన నోటి వెంట లేదన్న మాట నేను వినడం అదే మొదలు. నాయనకు కోపం ఆగలేదు. "ఊరూరా లేచే టెంకాయకు నా తోటలోనే రోగమొచ్చిందా?" అని తుండుగుడ్డ భుజాన వేసుకొని, కాఫీ కూడా ఇవ్వకుండా ఇంటికి పోయాడు. కానీ మాట మీద నిలబడ్డాడు. చేను అమ్మలేదు. తోట ఎండిపోయింది. మరుసటి ఎండాకాలానికి చెట్లన్నీ కొట్టించేశాడు. ఆ కట్టెల మీద అమ్మ చాన్నాళ్లు వంట చేసింది. పొయ్యిలోంచి వచ్చే వాసనకు నాయన బయటికి పోయి కూర్చునేవాడు. తాతతో ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ రోజు తాతను ఇంటి దగ్గర దింపుతుంటే సంచి ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. మర్నాడు చూస్తే కుడి మణికట్టుకు గుడ్డ కట్టుకొని ఉన్నాడు. చెంబు ఎత్తుతుంటే పట్టుకుందన్నాడు. అప్పటికే విడపనకల్లు దగ్గర ఒక పని ఇద్దరం ఒప్పుకొని ఉన్నాం. ఆయన రాలేనన్నాడని ఆ రైతు నన్ను నానా మాటలూ అన్నాడు. ఆ మంటంతా తీసుకెళ్లి తాత మీద పోశాను. టెంకాయ పట్టుకోవడానికి కూడా చేతకాకపోతే ఒప్పుకోవడం ఎందుకన్నాను. "నీకేం తెలుసు, గమ్ముండు" అన్నాడు.

నిజంగా లేవలేదా తాతా అని ఎన్ని సార్లు అడిగానో. ఒకసారి నీ మిషన్నే అడుగు అన్నాడు. ఒకసారి వినపడనట్టు నటించాడు. ఒకసారి మాత్రం, "సొంత చేలో టెంకాయ పట్టగూడదని నీకు చెప్పింటి గదా" అన్నాడు. అది మీ చేను కాదు తాతా, మాది అన్నాను చిరాగ్గా. "ఆఁ, అదే" అని, ముందు టీ హోటల్ ఉంది ఆపమన్నాడు. మనిషికి మతి పోతోందనుకున్నాను.

దినాలకు పోయాను. వంటింట్లో తాత కోడలు చట్నీకి టెంకాయలు కొడుతోంది. ఆ కుప్పలో, రుబ్బురోలు పక్కన, నా స్కూటర్ మీద ఇన్నాళ్లు తిరిగిన టెంకాయ. పిలక దగ్గర పసుపు మరక చూసి గుర్తుపట్టాను. చెయ్యి చాచి లాక్కున్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "దాంట్లో నీళ్లెప్పుడో ఇంకిపోయినాయి మేడమ్. చట్నీకి కూడా రాదని పొయ్యిలోకి పెట్టింటి. నీకెందుకు, నీకు మిషనుండాది గదా" అంది. సంచిలో వేసుకొని వచ్చేశాను. దారిలో స్కూటర్ ఎడమకు వాలలేదు. అలవాటు చొప్పున నేనే కుడికి వాలి, రోడ్డు దిగిపోబోయాను.

ఇంటికి పోకుండా నేరుగా తోటకు పోయాను. ఇప్పుడు తోట అనడం కూడా అలవాటు కొద్దీ. మొద్దుల మధ్య నాయన కంది వేశాడు. తాతను నాలుగు తిట్లు తిట్టాలని పోయాను. ఉందో లేదో చెప్పి చావొచ్చు కదా తాతా అని. చెప్పులు విడిచాను. ఆయన ఎన్ని సార్లు చెప్పినా ఏ రోజూ విడవలేదు. టెంకాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకొని పాత బావి దగ్గరికి నడిచాను.

బావి పక్కన అది కదిలింది. ముందు పిలక వైపు కొంచెం లేచింది, తర్వాత ఇంకొంచెం. నా చదువు నాకు గుర్తుంది. అది నా చెయ్యే చేస్తోందని తెలుసు, తెలిసినా ఆపలేకపోయాను. లోపలి నుంచి ఎవరో తోస్తున్నట్టే ఉంది. వేళ్లు బిగించి కిందికి అదిమాను. మణికట్టు భగ్గుమంది. అప్పుడు అర్థమైంది నాకు, ఆ రోజు తాత ఇక్కడ ఎందుకంత సేపు నిలబడ్డాడో, ఎందుకంత చెమట పట్టిందో. ఆయన టెంకాయ మా తోటలోనూ లేచింది. బతుకంతా నమ్మిన దాన్ని, మా అమ్మ తిండిగింజల కోసం, చేత్తో అదిమి పట్టాడు. రెండు సార్లు. మా చేను సొంత చేను అన్నందుకు నేను ఆయనకు మతి పోయిందనుకున్నాను.

గట్టు మీద నుంచి నాయన గొంతు వినిపించింది. ఎప్పుడు వచ్చాడో చూడలేదు. రోడ్డు పక్క చేలో చెనిక్కాయ కలుపు తీయించి వస్తున్నట్టున్నాడు, చేతులకు ఎర్రమట్టి. నా చేతిలో టెంకాయ చూశాడు. చాన్నాళ్లుగా చూడని వెలుగు మళ్లీ ఆయన మొహంలో కనిపించింది.

"ఏం పాపా, లేస్తాందా?"

కింద నీళ్లున్నాయో లేదో నాకు తెలియదు. తాతకు తెలుసేమో, చెప్పకుండా పోయాడు. ఎప్పటిలాగే నన్ను ఇబ్బందిలో పెట్టి పోయాడు.

"లేదు నాయనా. లేవలేదు."

నాయన చేతుల మట్టి దులుపుకొని ఇంటి వైపు నడిచాడు. ఆయన గట్టు దాటి కనుమరుగయ్యేదాకా నేను చెయ్యి సడలించలేదు.

ఇది నాయన చదివితే కొన్నాళ్లు నాతో మాట్లాడడు. పరవాలేదు, చేను ఇప్పుడు అమ్మ పేరు మీద ఉంది. రాప్తాడు రైతు మళ్లీ ఫోన్ చేశాడు, టెంకాయ మనిషి దొరికాడా అని. ఈ వారం రాలేనని చెప్పాను. కారణం అడిగితే, చెంబు ఎత్తుతుంటే మణికట్టు పట్టుకుందన్నాను. మణికట్టుకు నిజంగానే గుడ్డ కట్టుకొని, ఎడమ చేత్తోనే ఇదంతా రాస్తున్నాను.